సముద్రం దాటితే మందు పేరు మారుతుంది

పోయినేడు మా పెద్దమ్మ న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వెళ్తూ ఆవకాయ డబ్బా పక్కనే ఆరు షీట్ల డోలో 650 సర్దుకుంది. అక్కడి చలికి జ్వరం తగిలింది. తన మాత్రలు తను వేసుకుంటూనే ఉంది. రాత్రిళ్లు కోడలు జలుబు సిరప్ కూడా పట్టింది. మూడోరోజు సీసా వెనక చిన్నక్షరాలు చదివితే ‘ఎసిటమినోఫెన్’ అని ఉంది. పెద్దమ్మ షీటు మీదేమో ‘పారాసెటమాల్’.

రెండూ ఒకటే మందు. ఆరు గంటలకో డోలో వేసుకుంటే రోజుకు 2600 మిల్లీగ్రాములు. ఒక్కో మోతాదులో 650 ఉండే సిరప్‌ని కూడా అలాగే తాగితే మొత్తం 5200. పెద్దవాళ్లకైనా 4000 దాటకూడదు, దాటితే దెబ్బతినేది కాలేయం. సిరప్ రాత్రిపూటే తాగింది కాబట్టి సరిపోయింది.

‘కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కాదు, లోపలి మందు అసలు పేరు, అంటే జెనరిక్ పేరు గుర్తుపెట్టుకోండి’ అని అందరికీ చెబుతుంటాం. పెద్దమ్మకు నేనే చెప్పాను. జెనరిక్ పేరు ప్రపంచమంతా ఒకటేనన్న నమ్మకంతో.

ఒకటే ఉండాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో తీర్మానం చేసింది, 1953లో అంతర్జాతీయ పేర్ల తొలి జాబితా వేసింది. అమెరికా మాత్రం 1961 నుంచి తన పేర్లకు తనే వేరే కౌన్సిల్ పెట్టుకుంది. చాలా మందులకు ఇద్దరి పేరూ ఒకటే. కలవనివే చిక్కు. ఆస్తమాకు వాడే మన సాల్బ్యుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్, టీబీకి వాడే రిఫాంపిసిన్ అక్కడ రిఫాంపిన్, షుగర్ మాత్ర గ్లైబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. పారాసెటమాల్, ఎసిటమినోఫెన్ అయితే మరీ తమాషా: పారా ఎసిటైల్ అమైనో ఫినాల్ అనే ఒకే రసాయనం పేరులోంచి తలా కొన్ని అక్షరాలు ఏరుకున్నారు.

అయితే మొండితనం అమెరికాది ఒక్కదానిదే అనలేం. అడ్రినలిన్‌కు అంతర్జాతీయ పేరు ఎపినెఫ్రిన్. అమెరికాలో ‘అడ్రినలిన్’ ఒక కంపెనీ ట్రేడ్‌మార్కు కావడంతో అక్కడ ఎపినెఫ్రిన్ అన్న పేరే నిలిచింది. ఐరోపా నిబంధన మేరకు పాత పేర్లెన్నో మార్చుకున్న బ్రిటన్ అడ్రినలిన్‌ను మాత్రం వదల్లేదు. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో డాక్టరు, నర్సు చెరో పేరూ తలుచుకుంటే ఎలా అన్నది దాని భయం. అది సబబే అనిపిస్తుంది నాకు. అలవాటైన పేరును ఆర్డరుతో పీకేయలేం.

పీకేయక్కర్లేదు కూడా, పక్కన రెండోది అచ్చేస్తే చాలు. హైదరాబాద్ కంపెనీ గ్రాన్యూల్స్ పారాసెటమాల్‌ను అమెరికాకూ, ఐరోపాకూ పంపుతోంది. ఎక్కడ ఏమని పిలుస్తారో తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. తెలియనిది మింగేవాళ్లకే. ఈ ఎండాకాలం పెద్దమ్మ మళ్లీ వెళ్తోంది. ఈసారి ఆస్తమా పంపు కూడా తోడుంది. దాని డబ్బా మీద సాల్బ్యుటమాల్ కింద ఆల్బ్యుటెరాల్ అని మార్కర్‌తో రాసిచ్చాను.