బులెటిన్ కోసం ఎదురుచూసిన బ్యాచ్ మాది

"ఈ కాలం పిల్లలకి వార్తలంటే లెక్కలేదు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. 2021లో నేను ఇంటర్ సెకండియర్. కోవిడ్ వల్ల కాలేజీ మూసేస్తే ఊళ్లో ఇంటి పట్టునే ఉన్నాను. అప్పటిదాకా పేపర్లో ఆటల పేజీ తప్ప తిప్పనివాణ్ని, రోజూ ఆరోగ్యశాఖ బులెటిన్ కోసం నాన్న ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ని. ముందు మా జిల్లా కేసులు, తర్వాత మరణాలు. అది చూడందే అన్నం సయించేది కాదు.

మే 5న మొదలవ్వాల్సిన మా పరీక్షలు వాయిదా పడ్డాయి. జూన్ 24న రద్దు చేసేదాకా మా వాట్సాప్ గ్రూపులో తిరిగిన దొంగ సర్క్యులర్లు అన్నీ ఇన్నీ కావు. లోగో, సంతకం, స్టాంపు అన్నీ ఉండేవి. ఒకదాంట్లో పరీక్ష తేదీ ఆదివారం పడిందని మా ఫ్రెండ్ పట్టేశాడు. ఆ రోజు నుంచి ఏది వచ్చినా బోర్డు వెబ్‌సైట్ చూశాకే నమ్మాం. ఇది మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

మరి నమ్మకం ఎక్కడ పోయింది? మా పెదనాన్న టెస్టు రిజల్ట్ రాకముందే పోయాడు. మర్నాటి బులెటిన్‌లో మా జిల్లా అంకెని ఎంతసేపు చూశానో. అందులో ఆయన ఉన్నాడో లేడో చెప్పేవాళ్లే లేరు. దేశంలో 2020, 2021 రెండేళ్లలో మామూలు కన్నా 47 లక్షల మరణాలు ఎక్కువ జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అధికారిక కోవిడ్ లెక్క 5 లక్షల లోపే. అంచనా వేసిన పద్ధతే తప్పని కేంద్రం అంది. మధ్యలో నాకు గుర్తొచ్చేది మా పెదనాన్నే.

చానళ్లు ఇంకో ఎత్తు. కోవిడ్ తగ్గిస్తుందన్న కృష్ణపట్నం నాటు మందు కోసం జనం తోసుకుంటుంటే గంటలకొద్దీ లైవ్ ఇచ్చారు. అది పనిచేస్తుందని ఏ పరీక్షలో తేలింది అని అడగడానికి అందులో పావు వంతు టైమ్ కేటాయిస్తే ఏం పోయేది?

మొన్న మా చెల్లి "నేను ఏ వార్తా నమ్మను అన్నయ్యా, అన్నీ అబద్ధాలే" అంది. దానికీ ఇప్పుడు ఇంటరే. నిజంగా భయమేసింది. అన్నీ నమ్మేవాడికీ, ఏదీ నమ్మనివాడికీ చివరికి దిక్కు ఆ వాట్సాప్ ఫార్వర్డే.

చెల్లికి మా ఊరి ఆశా కార్యకర్త అక్క సంగతి చెప్పాను. 2021 మేలో కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య గ్యాప్‌ని 12–16 వారాలకి పెంచారు. టీకాలు లేకే సాగదీస్తున్నారని ఊరంతా అనుకున్నారు. నాన్నమ్మ డోసు సంగతేంటని నేను గట్టిగానే అడిగాను. "ఎందుకు మార్చారో నాకూ తెలీదు నాన్నా, డాక్టరుగారిని అడిగి రేపు చెప్తా" అంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో వచ్చింది. గ్యాప్ ఎక్కువుంటే రక్షణ బాగుంటుందని బ్రిటన్‌లో చూశారట అని గేటు దగ్గరే నిలబడి చెప్పి, పక్కింటికి వెళ్లింది.