ఫోన్‌కో మొహం, పోలీసుకో మొహం

'మీ బండికి చలానా పడింది, ఇక్కడ కట్టండి' అని మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే అచ్చం రవాణా శాఖ పేజీలాగే ఉంటుంది, ముందు బండి నంబరు అడుగుతుంది, ఆ తర్వాత కార్డు వివరాలు. డబ్బు పోయాక లబోదిబోమంటూ స్టేషన్‌కి వెళ్లి అదే లింకు ఇస్తే, అక్కడి కంప్యూటర్‌లో 'పేజీ దొరకలేదు' అని వస్తుంది. ఇక చెప్పేదేముంది, 'చూసుకుని నొక్కాలి కదండీ' అని ఓ సలహా పారేస్తారు.

చూసుకోవడానికి అక్కడ ఏముందని? పేకాట శిబిరం బయట కాపలా కుర్రాడు ఉంటాడే, ఖాకీ కనపడగానే ఈల వేస్తాడు, లోపల ముక్కలు మాయమై భజన మొదలవుతుంది. ఈ సైట్లు చేసేదీ అదే, దీన్నే క్లోకింగ్ అంటారు. వచ్చింది ఫోనా కంప్యూటరా, ఏ దేశం నుంచి, మామూలు మొబైల్ డేటానా లేక ఏదైనా సెక్యూరిటీ కంపెనీ ఐపీ అడ్రసా, మెసేజ్‌లోని లింకు పట్టుకునే వచ్చారా అన్నది క్షణంలో తేల్చేస్తాయి. మన దేశంలోని ఫోన్ అయితే మోసం పేజీ, తనిఖీకి వచ్చిన బాట్ (మనిషి బదులు పేజీలు తెరిచి చూసే ప్రోగ్రామ్) అయితే ఏ వంటల పేజీయో. కొన్ని లింకులు ఒక్కసారే తెరుచుకుంటాయి, రెండోసారికి ఏమీ ఉండదు. అన్నిటికన్నా ఒళ్లు మండేది 'నేను రోబోను కాను' గడి. రోబోలను ఆపడానికి కనిపెట్టిన ఆ గడినే గుమ్మంలో పెట్టి, దొంగను పట్టుకోవడానికి వచ్చే రోబోలను బయటే ఆపేస్తున్నారు, మనం మాత్రం బుద్ధిగా టిక్కు పెట్టి లోపలికి పోతున్నాం.

బ్రౌజర్‌లో సైటు చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే భయం లేదని ఏళ్ల తరబడి అందరూ చెప్పారు. అది దారిలో ఎవరూ తొంగిచూడకుండా ఆపుతుంది గానీ అవతల ఉన్నది దొంగో దొరో చెప్పదు, ఆ బొమ్మ రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ దొంగకీ ఉచితంగానే దొరుకుతుంది. 2021లో గూగుల్ అడిగి చూస్తే దాని అర్థం సరిగ్గా తెలిసినవాళ్లు 11 శాతమే, 2023లో క్రోమ్ నుంచి ఆ బొమ్మనే తీసేశారు.

అందుకే ఇంకో జాగ్రత్తల చిట్టా మేం ఇవ్వం. రిజర్వ్ బ్యాంక్ చేసిన పని చూడండి, బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మారాలంది, ఆ పేర్లు ఇచ్చే అధికారం మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థకి మాత్రమే ఇచ్చింది. దొంగలు ఆ పేరు మధ్యలో ఓ గీత పెట్టి అలాంటిదే ఇంకోటి పుట్టిస్తారనుకోండి, అయినా జనం చూసుకోవడానికి ఒక గుర్తంటూ దొరికింది. చలానాలు, కరెంటు బిల్లులు, కొరియర్ల పేరుతో వచ్చే లింకుల సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది.

డొమైన్ పేర్లు, అంటే సైట్ల చిరునామాలు, అమ్మే కంపెనీలు 'మేం చూశాం, ఏమీ కనపడలేదు' అని ఫిర్యాదు మూసేయడం మానాలి, మీకు కనపడకూడదనే కదా అంత తతంగం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినవాళ్లను లింకు పనిచేయడం లేదేంటని నిలదీయకుండా, వాళ్ల దగ్గరున్న స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా తీసుకోవాలి. ప్రతి స్టేషన్‌లోనూ ఓ మామూలు ఫోన్, ఓ మామూలు సిమ్ పెట్టుకుని, బాధితుడు తెరిచినట్టే ఆ మెసేజ్‌లోంచే తెరిచి చూడాలి.