పళ్ళేలు పట్టేదీ మేమే, మ్యాప్ రీడింగ్‌లో పోయేదీ మేమే

మా కాలేజీ ఎన్‌సీసీలో కంపాస్ అడిగాను, ఇవ్వలేదు. ఒక్క అరగంట చాలు సర్, గ్రౌండ్ దాటి తీసుకెళ్ళను, మీ కళ్ళ ముందే ఉండి బేరింగ్ (ఎదురుగా ఉన్నది ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీల్లో ఉందో) తీయడం ప్రాక్టీస్ చేసుకుని ఇచ్చేస్తానని బతిమాలాను. "స్టోర్‌లో ఉందమ్మా, తీయాలంటే సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సార్ సంతకం కావాలి, ఆయన లేరు" అన్నారు. సరే రూల్ రూలే కదా అని నోరు మూసుకుని వచ్చేశా. తీరా మధ్యాహ్నం సెమినార్ హాల్ ముందు నుంచి వెళ్తుంటే, ఎవరో పెద్దాయన వస్తున్నారని వరండాలో బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, దాని మీద ఠీవిగా అదే కంపాస్! చుట్టూ బంతిపూలు. పక్కనే ఆనించినట్టు పాయింట్ టూ టూ రైఫిల్.

ఎన్‌సీసీ చేసినవాళ్ళకి ఈపాటికి నవ్వొచ్చి ఉంటుంది. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, దగ్గర్లో ఇనుము ఉంటే కంపాస్ తప్పు చూపిస్తుంది, రైఫిల్ దూరంగా పెట్టి గానీ బేరింగ్ తీయకూడదు. మ్యాప్ రీడింగ్‌లో మాకు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఇదొకటి. ఆ బల్ల సర్దినవాళ్ళు ఆ పేపర్ రాస్తే నాకంటే ముందు వాళ్ళే పోతారు. కానీ వాళ్ళెందుకు రాస్తారు లెండి, రాయాల్సింది నేను కదా.

అవును, ఎన్‌సీసీలో చివరిదైన 'సీ' సర్టిఫికెట్ పరీక్ష మళ్ళీ రాస్తున్నా. దాచుకోవాల్సిందేం లేదు. మొత్తం మార్కులు సగానికి పైనే వచ్చాయి, కానీ ఒక్క పేపర్లో 33 శాతం రాకపోయినా ఫెయిలే, అదీ లెక్క. డ్రిల్‌లో వంక పెట్టేవాళ్ళు లేరు, పీఛే ముడ్ (వెనక్కి తిరుగు) అంటే నిద్రలో కూడా తిరుగుతాను. పోయింది మ్యాప్ రీడింగ్, ఫీల్డ్ క్రాఫ్ట్ ఉన్న పేపర్లో. ఇది తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాల ఓదార్పు చూడాలి. "ఎన్‌సీసీలో కూడా ఫెయిల్ చేస్తారా అమ్మా?" అని మా పెద్దనాన్న. ఆయన దృష్టిలో ఎన్‌సీసీ అంటే పొద్దున్నే నాలుగు రౌండ్లు పరిగెత్తి సమోసా తినడం. ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే ఇంటర్వ్యూకి, పిలుస్తారని, దానికి 'సీ' సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్ ఉండాలని, బీ గ్రేడ్ అంటే 65 శాతమని, వయసు 25 దాటితే ఆ తలుపు మూసుకుపోతుందని ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా "బ్యాంకు కోచింగ్‌కి వెళ్ళరాదూ" దగ్గరే ఆగుతారు. అది వేరే పోస్ట్.

జూనియర్లయితే "గైడ్ కొనుక్కో అక్కా, అన్నీ అందులోవే వస్తాయి" అంటున్నారు. గైడ్ నాకు కంఠతా వచ్చు తల్లీ. బేరింగ్ 180 కంటే తక్కువైతే 180 కలుపు, ఎక్కువైతే తీసెయ్, బ్యాక్ బేరింగ్, అంటే అటు నుంచి ఇటు చూస్తే వచ్చే బేరింగ్, వచ్చేస్తుంది. ఆ మాత్రం కూడిక, తీసివేత ఐదో క్లాసు పిల్లలు కూడా చేస్తారు. అసలు కష్టమంతా చేతిలో ఉంది. బొటనవేలు రింగులో దూర్చి, ప్రిజం కంటికి ఆనించి, మూతలో ఉన్న సన్నటి గీతని దూరంగా కనిపించే చెట్టు మీదికి తెచ్చి, అదే క్షణంలో అదే కంటితో కింద డయల్ మీది అంకె చదవాలి. ఆ డయల్ ఊరికే నిలవదు, ఊగుతూ ఉంటుంది, ఊపిరి బిగబట్టి అది ఆగేదాకా చూడాలి. గైడ్‌లో బొమ్మ ఉంటుంది. బొమ్మలో డయల్ ఊగదు.

ఇక మ్యాపు. మాకిచ్చింది జిరాక్స్, అదీ బ్లాక్ అండ్ వైట్. మ్యాపు షీట్ మీద కాంటూర్లు (ఎత్తు చూపించే గీతలు) గోధుమరంగులో, నీళ్ళు నీలంలో, రోడ్లు ఎరుపులో, చెట్లు ఆకుపచ్చలో ఉంటాయి, రంగు చూసే సగం సంగతి చెప్పేయొచ్చు. జిరాక్స్‌లో కొండ గీతా, వాగు గీతా, రోడ్డు గీతా అన్నీ ఒకే బూడిదరంగు. ఎండిన వాగుకీ నీళ్ళున్న వాగుకీ తేడా చెప్పమంటే ఏం చెప్పాలి, నాలిక పెట్టి చూడాలా? మ్యాపు గళ్ళని బట్టి ఒక చోటుని ఆరంకెల్లో చెప్పే గ్రిడ్ రిఫరెన్స్ అయితే మరీ. ఒకటికి యాభై వేల స్కేలులో ఒక గడి రెండు సెంటీమీటర్లు, దాన్ని కంటి అంచనాతోనే అటు పది భాగాలు, ఇటు పది భాగాలు చేసుకోవాలి. మాకిచ్చిన కాపీలో గ్రిడ్ లైను మందమే ఒక భాగం తినేసింది. ఈసారి సొంత డబ్బులతో సర్వే ఆఫ్ ఇండియా షీట్ ఒకటి కలర్‌లో ప్రింట్ తీయించుకున్నా. మొదటిసారి చూసినప్పుడు, నిజంగా చెప్తున్నా, ఏడుపొచ్చింది. ఇంత సులువా ఇది!

వెపన్ ట్రైనింగ్ గురించి కూడా ఒక మాట. మాకు ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ మీద నాకు ఇసుమంత కోపం లేదు, మనిషి బంగారం, ప్రాణం పెట్టి చెప్తారు, కాకపోతే హిందీలో చెప్తారు. గైడేమో ఇంగ్లిష్‌లో. మా డౌట్లేమో తెలుగులో. నా పక్కన కూర్చునే అమ్మాయి తెలుగు మీడియంలో చదువుకుని వచ్చింది, రైఫిల్ విప్పి మళ్ళీ బిగించమంటే మా అందరికంటే ముందు చేస్తుంది, పార్టుల పేర్లు చెప్పమంటే మాత్రం నోరు కట్టేసుకుంటుంది. మార్కులు ఎవరికి పడతాయో మీకు తెలుసు కదా.

సరే, కంపాస్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. నాకు కడుపు మండేది ఇంకో దాని గురించి. డిగ్రీ మొదలైనప్పటి నుంచి మా పరేడ్లన్నీ ఎక్కడికి పోయాయి? స్పోర్ట్స్ డేకి తాడు పట్టుకోవడానికి. ఫ్రెషర్స్ డేకి కుర్చీలు వేయడానికి. రక్తదాన శిబిరంలో క్యూ చూడటానికి. నిరుడు మొక్క నాటిన గుంటలోనే మళ్ళీ మొక్క నాటి ఫొటో దిగడానికి. ఏ డిపార్ట్‌మెంటులో ఏ పని పడినా ఒకటే మాట, "ఎన్‌సీసీ పిల్లలున్నారుగా." అందులోనూ మళ్ళీ వాటాలు. అబ్బాయిలు గేటు దగ్గర, అమ్మాయిలు స్టేజి దగ్గర. బెరెట్ టోపీ, దాని మీద హ్యాకిల్ కుచ్చు, డీఎంఎస్ బూట్లు, మడత నలగని యూనిఫాం, చేతిలో శాలువా పళ్ళెం! అబ్బాయి క్యాడెట్ చేతికి పళ్ళెం ఇచ్చిన ఫంక్షన్ ఒక్కటి చూపించండి, ఈ పోస్ట్ తీసేస్తాను. 1946లో కుంజ్రూ కమిటీ వేసి, 1948లో ప్రత్యేకంగా చట్టం చేసి మరీ పెట్టారు ఈ ఎన్‌సీసీని. ఆ చట్టంలో పళ్ళెం ఏ సెక్షన్ కింద వస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి, అది కూడా బట్టీ పట్టేస్తా, పరీక్షకి పనికొస్తుంది.

అన్నిటికంటే మంట పుట్టించేది మాత్రం ఆ రోజు. మ్యాప్ రీడింగ్ అవుట్‌డోర్ క్లాసు అని బోర్డు మీద రాశారు, కాలేజీ వెనక ఖాళీ స్థలంలో మ్యాప్ సెట్ చేయడం, బేరింగ్ తీయడం, అన్నీ చేతికిచ్చి చేయిస్తామన్నారు. నేను ముందురోజు రాత్రే పెన్సిళ్ళు చెక్కి పెట్టుకున్నా. పొద్దున వెళ్ళేసరికి క్లాసు లేదు, ముఖ్య అతిథి వస్తున్నారు, గేటు నుంచి స్టేజి దాకా రెండు వరసల్లో నిలబడండి అన్నారు. నిలబడ్డాం. ఆయన రాలేదు. సావధాన్, విశ్రామ్, మళ్ళీ సావధాన్, ఎండ నెత్తికెక్కింది. ఫస్టియర్ పిల్ల ఒకతి కళ్ళు తిరిగి అక్కడే కూలబడింది, మేం కదలబోతే "లైన్ చెడిపోతుంది" అని వెనక నుంచి కసిరారు. లైను! ఆయన ఎప్పుడో వచ్చి, మా వైపు చూడకుండా ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. మర్నాడు పేపర్లో ఫొటో, క్యాడెట్ల క్రమశిక్షణ అందరినీ ఆకట్టుకుందట. ఆ క్లాసు మళ్ళీ పెట్టలేదు. రిజిస్టర్లో మాత్రం సిలబస్ పూర్తి. పరీక్షలో అదే వచ్చింది. పోయింది కూడా అక్కడే.

రిజల్ట్ వచ్చాక "శ్రద్ధ తగ్గిందమ్మా నీకు" అన్నారు చూడండి, ఆ రోజు "లైన్ చెడిపోతుంది" అని కసిరిన పెద్దమనిషే.

ఇప్పుడేమో ఇది టైప్ చేస్తుండగానే గ్రూపులో లిస్టు పడింది. ఆదివారం పొద్దున ఆరింటికి ఫాలిన్ (వరసలో నిలబడాలి), ఫుల్ యూనిఫాం, ముఖ్య అతిథికి స్వాగతం. రాని వాళ్ళకి అటెండెన్స్ కట్ అని కింద బెదిరింపు. నా పేరు పైనుంచి రెండోది, పక్కన బ్రాకెట్లో 'స్టేజ్' అని. నాకు కావాల్సిన 75 శాతం నిరుడే అయిపోయింది, క్యాంపులు అయిపోయాయి, కట్ చేయడానికి మీ దగ్గర ఇంకేం మిగల్లేదు. నేను రావట్లేదు. ఈ మాట గ్రూపులో కూడా పెట్టేశా, బ్లూ టిక్కులు పడుతున్నాయి, ఎవరూ ఏమీ అనట్లేదు.