బాతు కంటే వేణువు గొప్పది

ఫ్రాన్స్‌కు చెందిన యంత్రాల రూపకర్త జాక్ ద వోకాన్సన్ పేరు చెప్పగానే ఇప్పటికీ చాలామందికి గుర్తుకు వచ్చేది 1739లో ఆయన పారిస్‌లో ప్రదర్శించిన యంత్రపు బాతే. రెక్కలు అల్లార్చి, గింజలు తిని, కాసేపటికి రెట్ట వేసే ఆ యంత్రం నిజంగానే తిండిని అరిగించుకుంటోందని చూసినవారు నమ్మారు. కానీ తిన్న గింజలు లోపలి అరలోనే ఉండిపోయేవి. బయటికి వచ్చేది ముందుగా నింపి ఉంచిన పదార్థం. తనంతట తానే చదరంగం ఆడుతుందంటూ కెంపెలెన్ అనే ఆయన 1770లో చూపిన యంత్రంలోనైతే సాక్షాత్తూ మనిషే దాక్కుని ఎత్తులు వేశాడు. పేరంతా ఇటువంటివాటికే దక్కి, వోకాన్సన్ అంతకుముందే చేసిన వేణువాద్యకారుడి బొమ్మ మరుగున పడడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆ బొమ్మలో బూటకం లేదు. తిత్తుల నుంచి వచ్చిన గాలి దాని నోటి గుండా అసలు వేణువులోకే పోయేది. స్వరాన్ని బట్టి పెదవుల ఎడం, నాలుక కదలిక, గాలి ఒత్తిడి మారేవి. చెక్క వేళ్లు రంధ్రాలను సరిగా మూయవు కనుక వాటికి తోలు తొడిగారు. మనిషి వేణువు ఎలా ఊదుతాడో క్షుణ్ణంగా తెలుసుకుంటే తప్ప ఆ యంత్రం పలికేది కాదు. 1738లో వోకాన్సన్ దాని పనితీరును పారిస్ సైన్సు అకాడమీకి లిఖితపూర్వకంగా వివరించారు కూడా.

స్విట్జర్లాండ్ గడియారాల నిపుణుడు పియెర్ జాకే-ద్రో, ఆయన కుమారుడు ఆన్రీ-లూయీ, వారి సహచరుడు లెషో కలిసి 1768–1774 మధ్య చేసిన ‘లేఖకుడు’ ఈ మార్గంలో మరింత ముందుకు వెళ్లాడు. సుమారు 6,000 భాగాలున్న ఈ పసివాడి బొమ్మ వీపులో, అంచులు ఎగుడుదిగుడుగా కోసిన లోహపు బిళ్లల దొంతర ఉంటుంది. ఒక్కో అక్షరానికి మూడేసి బిళ్లలు చేతిని పక్కలకూ, ముందువెనకలకూ, పైకీ కిందికీ నడిపిస్తాయి. కింది చక్రం అమరిక మార్చితే 40 అక్షరాల వరకు కోరిన మాట రాస్తుంది. దీన్ని కంప్యూటరుకు పూర్వీకుడనడం పరిపాటి, అందులో తప్పూ లేదు. కానీ నన్ను కట్టిపడేసేది రాతకు ఏమాత్రం అవసరం లేని ఒక కదలిక: కలం కదిలినప్పుడల్లా ఆ పిల్లవాడి కళ్లు దాని వెంట పోతాయి. రాసే పిల్లలను ఎంతో శ్రద్ధగా గమనించినవారికే అది తోస్తుంది.

వోకాన్సన్ బాతూ, వేణువాద్యకారుడూ ఇప్పుడు లేవు. లేఖకుడు మాత్రం స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్ మ్యూజియంలో, కీ ఇచ్చినప్పుడల్లా పెద్దబాతు ఈక కలాన్ని సిరాలో ముంచి, మరక పడకుండా విదిలించి, రాయడం మొదలుపెడతాడు.