తరగతి గోడనున్న స్మార్ట్ ప్యానెల్ గారికి విన్నపం

మహారాజశ్రీ స్మార్ట్ ప్యానెల్ గారి సముఖానికి, కోనసీమలో ఒక లంక ఊరి ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుకుని బతుకుతున్న ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

తమరు పడవ దిగి మా బడికి వేంచేసిన నాడు, ఆ పెట్టెను బెణక్కుండా మోసుకొచ్చిన పదో తరగతి పిల్లలకు మంచినీళ్లయినా ఇవ్వడం మరిచిపోయాము గానీ, తమకు మాత్రం పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాము. ఆనాటి నుంచి నల్లబల్ల సగం తమ వెనక్కి పోయింది. మిగిలిన సగంలో నేను రాసే భిన్నాలకు హారం పెట్టే చోటు చాలడం లేదు.

తమ సామర్థ్యాన్ని నేను శంకించడం లేదు. శంకువును ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం ఎలా వస్తుందో తమరు తిప్పి చూపించినట్టు నా సుద్దముక్క ఏ జన్మలోనూ చూపించలేదు. నా బాధంతా మిగిలిన రోజుల గురించే. ఆ రోజుల్లో తమరు పాత పుస్తకంలోని పాఠాన్నే, అదే వరుసలో, అవే లెక్కలతో, రంగులద్ది, ఎవరిదో గొంతుతో వినిపిస్తున్నారు. సిలబస్ బరువు తగ్గించి, ముఖ్యమైనదేదో తేల్చుకుని, చర్చకూ ఆలోచనకూ సమయం మిగల్చాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. అది కష్టమైన పని, గోడకు మేకులు కొట్టడం తేలిక, అందుచేత ముందుగా మేకులే కొట్టారు.

ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలుపెట్టించి 1852కి ఆనకట్ట పూర్తి చేయించిన కాటన్ దొర, ఏటికి అడ్డంగా రాయి పేర్పించి అంతటితో ఊరుకుని ఉంటే, ఇక్కడ కొత్తగా ఒక్క ఎకరమైనా సాగయ్యేది కాదు. కాలువలు, వాటికి లాకులు, వాటి నుంచి బోదెలు, ఆఖరుకు శివారు రైతు మడి దాకా నీటికి దారి ఉండబట్టే సార్వా, దాళ్వా రెండూ పండాయి. తమ విషయంలో ఆనకట్ట ఉంది, బోదె లేదు. ఆఖరి బెంచీ పిల్లవాడికి తమ వెలుగు కళ్లలో పడుతోంది గానీ లెక్క అందడం లేదు.

మొన్న ఘనపరిమాణం పాఠంలో తమరు ఒక ఈతకొలను చూపించారు. మా పిల్లలు ఈత ఏట్లో నేర్చుకున్నవారే తప్ప కొలను ఎరగరు. 2022 జూలై వరదలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లినప్పుడు, ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద కూర్చుని, క్యూసెక్కంటే ఏమిటి మాస్టారూ అని అడిగిన పిల్లవాడు ఇప్పుడు నా తరగతిలోనే ఉన్నాడు. తమ భాండాగారమంతా వెతికినా ఆ మాట దొరకలేదు. సగం బల్ల మీదే రాశాను: సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు, అంటే మన డాబా మీది 500 లీటర్ల ట్యాంకు 18 సెకన్లలో నిండుతుంది. ఆ పై లెక్క పిల్లలే చేసి, సెకనుకు 7 కోట్ల లీటర్లని తేల్చి, కొంతసేపు మాట్లాడకుండా కూర్చున్నారు.

తమరిని రోజుకు ఎన్ని గంటలు వెలిగించామో పైనుంచి అడుగుతారు గానీ, ఎవరికి ఏం వచ్చిందో అడగరు. అందువల్ల మధ్యాహ్న భోజనం వేళ తమరు ఖాళీ బెంచీలకు కిరణజన్య సంయోగక్రియ బోధిస్తూ ఉంటారు. ఈ పాపంలో నాకూ భాగముంది. విద్యలో సాంకేతికతకు విద్యార్థి ప్రయోజనమే కొలబద్ద కావాలని, అది ఉపాధ్యాయుడి ముఖాముఖి బోధన స్థానాన్ని ఆక్రమించరాదని 2023లో యునెస్కో నివేదిక చెప్పింది. నెట్టు అందిన ఒకానొక రోజున ఆ సంగతి నేను తమ మీదే చదివాను.

వచ్చే సోమవారం తొమ్మిదో తరగతిని లాకుల దగ్గరికి తీసుకువెళుతున్నాను. కాలువ వెడల్పు, లోతు, నీటి వేగం పిల్లలే కొలుస్తారు. తమరు గోడ వదిలి రాలేరు కనుక, ఆ అంకెలను సాయంత్రం తమ మీదే గ్రాఫుగా గీస్తాము. కరెంటు ఉంటే.

ఇట్లు,
తమ పక్కనున్న సగం నల్లబల్ల తరఫున,
లెక్కల మాస్టారు