కన్ను తీసే ముందు మందుకు ఒక్క చాన్స్ ఇవ్వరా?

"కన్ను తీసేయాలి." ఈ మాట వినగానే పేషెంటుతో వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "వేరే దారి లేదా డాక్టర్ గారూ?" పదిహేనేళ్ల కిందట "లేదు" అంటే అందులో అబద్ధం లేదు. ఇవాళ అంత తేలిగ్గా అనేస్తే మాత్రం ఒప్పుకోలేం.

ఆ ఆపరేషన్ పేరు ఎక్సెంటరేషన్. కనురెప్ప మీద మొదలైన చర్మ క్యాన్సర్ కంటి గుంతలోకి పాకితే చేస్తారు. ఒక్క కనుగుడ్డుతో ఆగరు. రెప్పలు, కండరాలు, కొవ్వు... ఎముక దాకా అన్నీ తీసేస్తారు. రెప్పలే ఉండవు కాబట్టి మామూలు గాజు కన్ను నిలవదు. రెప్పలతో సహా సిలికాన్‌తో చేసిన ముక్కను జిగురుతో అంటించుకోవాలి, లేదా కళ్లజోడుకు తగిలించుకోవాలి. కొందరికి ఆపరేషన్ రోజు పొద్దున కూడా ఆ కన్ను చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. నన్ను కలచివేసేది ఇదే.

2012 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విస్మోడెగిబ్ అనే మందును ఆమోదించింది. రోజుకు 150 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి. బేసల్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్ కణాలను 'పెరగండి' అని ఎగదోసే హెడ్జ్‌హాగ్ అనే సిగ్నల్‌ను ఇది ఆపేస్తుంది. దీని వెనక కథ వింతగా ఉంటుంది. 1950ల్లో అమెరికాలోని ఐడహోలో ఒక కొండ మొక్క మేసిన గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. ఆ మొక్కలోని విషం ఆపుతున్నది ఈ సిగ్నల్‌నేనని దశాబ్దాల తర్వాత తేలింది. గొర్రెపిల్లల కన్ను పోగొట్టిన కిటుకే ఇప్పుడు మనుషుల కన్ను నిలబెడుతోంది!

మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు 34 మందికి ఈ మందు ఇచ్చి చూశారు. అందరివీ కన్నుకు ముప్పున్న కేసులే. 2021లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు పెట్టుకున్న కొలమానం ప్రకారం 34 మందికీ కంటి పనితీరు నిలిచింది. ఆ తర్వాత గడ్డ ఉన్నచోట ఆపరేషన్ చేయించుకున్న 27 మందిలో 67 శాతం మందికి, తీసిన ముక్కలో క్యాన్సర్ ఆనవాలే దొరకలేదు. స్క్వేమస్ సెల్ అనే మరో రకం చర్మ క్యాన్సర్‌కు సెమిప్లిమాబ్ ఇంజెక్షన్ ఉంది. దీనికి ముందు ఇంజెక్షన్, తర్వాత సర్జరీ పద్ధతిలో 79 మంది మీద జరిపిన ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. సగం మందిలో సర్జరీ నాటికి బతికున్న క్యాన్సర్ కణం లేదు.

సర్జన్ల అభ్యంతరాలు ఉత్తుత్తివి కావు. ఈ క్యాప్సూల్‌తో పిక్కలు పట్టేస్తాయి, జుట్టు రాలుతుంది, నోటికి రుచి పోతుంది. గర్భిణులకు అసలు ఇవ్వకూడదు. మందు ఆపాక గడ్డ మళ్లీ రావచ్చు. మందుకు లొంగకపోతే ఈలోపు విలువైన కాలం పోతుంది.

నిజమే. అయితే వారం వారం చూస్తూ, స్కాన్లు తీస్తూ మందు వాడితే, అది పనిచేయడం లేదని తెలిసిన రోజు కత్తి చేతిలోనే ఉంటుంది. కత్తి ముందు పడితే వెనక్కి తెచ్చుకునేదేముంది? రాలిన జుట్టు మళ్లీ మొలుస్తుంది, పోయిన రుచీ చాలామందికి తిరిగొస్తుంది. అందుకే, ప్రాణం మీదికి వచ్చిన కేసులు తప్ప, మందులతో క్యాన్సర్ వైద్యం చేసే మెడికల్ ఆంకాలజిస్ట్ కూర్చున్న ట్యూమర్ బోర్డు (డాక్టర్లు కలిసి కేసును చర్చించే బృందం) చూడకుండా ఏ కన్నూ ఆపరేషన్ టేబుల్ మీదికి వెళ్లకూడదంటాను. కత్తి పట్టినవాళ్లను కత్తి అవసరమా అని అడిగితే వచ్చే జవాబు మనకు తెలిసిందే.

మన దగ్గర రెప్పల మీద ఎక్కువగా వచ్చేది నూనె గ్రంథుల క్యాన్సర్. దానికి ఈ క్యాప్సూల్ మందు కాదు. అక్కడ కీమోతో గడ్డను కుదించి తర్వాత సర్జరీ చేసే దారి ఉంది. చాలామంది దాన్ని మామూలు కంటి కురుపే అనుకుని నెలల తరబడి కాపడం పెట్టుకుంటూ కూర్చుంటారు. కోసిన చోటే కురుపు మళ్లీ లేస్తే ఆ ముక్కను బయాప్సీకి పంపాల్సిందే.

ఇక అసలు అడ్డంకి డబ్బు. కొత్త మందు లేదన్న డాక్టరు చాలాసార్లు చెప్పకనే చెబుతున్నది 'మీరు కొనలేరు' అని. ధర దేవుడు రాసింది కాదు. వెన్నెముక కండరాల జబ్బుకు వాడే రిస్డిప్లామ్ సీసా రోష్ కంపెనీ ధర 6 లక్షల రూపాయల పైమాట. పేటెంటు మీద కోర్టుల్లో పోరాడి గెలిచిన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో 2025లో దాన్ని 15,900కు తెచ్చింది. విస్మోడెగిబ్ కూడా రోష్ సరుకే.