మోటరు మార్చండి, స్క్రూ ముట్టుకోకండి

ఇంట్లోనే సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే మిషన్, కట్టుకుని తలుపుల మీద నెమళ్ళు, ఇంటి ముందు బోర్డుల మీద పేర్లు చెక్కుతున్న కడప సోదరులకు ఈ మధ్య కొందరు చెడ్డ సలహాలు ఇస్తున్నారు. స్టెప్పులు తప్పుతున్న మోటరును తీసి పారేసే ముందు కారణం వెతకాలట. ఇది మన పనివాళ్ళ పరువుకు సంబంధించిన విషయం. దీన్ని ఖండించక తప్పదు.

ముందు నేరం ఏమిటో చూద్దాం. ఈ మిషన్‌ను నడిపే మామూలు స్టెప్పర్ మోటరు చుట్టుకు 200 అడుగులు (స్టెప్పులు) వేస్తుంది, అంటే అడుగుకు 1.8 డిగ్రీలు. మిషన్‌కు మెదడు లాంటి కంట్రోలర్ ఎన్ని పల్సులు పంపితే అది అన్ని అడుగులు వెయ్యాలి. వేసిందా లేదా అని కంట్రోలర్ మళ్ళీ అడగదు. సోమవారం అర్జీ ఇస్తే మంగళవారానికల్లా 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వస్తుందే, అచ్చం ఆ పద్ధతే. మోటరు దారిలో ఎక్కడో మొరాయించినా స్క్రీన్ మీద అంకెలు మూడు దశాంశ స్థానాల దాకా నిక్కచ్చిగా కనిపిస్తాయి. ఈలోగా పూజగది తలుపు మీద శంఖం దగ్గర సక్రమంగా మొదలైన పని చక్రం దాకా వచ్చేసరికి 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగి, స్వామి నామం కనుబొమ్మ మీదికి ప్రయాణం కడుతుంది.

అప్పుడు షెడ్డులో విచారణ మొదలవుతుంది. "చైనా మోటరు కదన్నా, ఇంతే" అని ఒకరు తీర్పు చెప్తారు. "కరెంటు బాగలేదు సామీ" అని టీ తెచ్చిన అబ్బాయి. ఇంట్లో పెద్దావిడ వచ్చి, బల్ల మీద అటూ ఇటూ నడిచే అడ్డ చట్రానికి, అదే గాంట్రీకి, నిమ్మకాయా మిరపకాయలూ కడుతుంది. ఆ నిమ్మకాయ, చివరకు వస్తే మిషన్‌ను ఆపే లిమిట్ స్విచ్‌కు తగిలి మిషన్ ఆగిపోతే అది కూడా దిష్టి ఖాతాలోకే. ఈ విచారణలో మల్టీమీటర్ అనే మాట ఎవరి నోటా రాదు. మల్టీమీటర్‌కు మన మీద గౌరవం లేదు, ఉన్న మాట చెప్పేస్తుంది.

ఆ చెడ్డ సలహాల్లో అన్నిటికంటే అవమానకరమైనది స్కెచ్ పెన్ను. మోటరు షాఫ్టు మీద, గాంట్రీని జరిపే మరల కడ్డీ లీడ్ స్క్రూ మీద, ఆ రెండిటినీ జోడించే కప్లింగ్ మీద కలిపి ఒకే గీత గియ్యమంటారు. పని అయ్యాక ఆ గీత ముక్కలైతే మోటరు నిర్దోషి, కప్లింగును షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న గ్రబ్ స్క్రూ జారుతోందని లెక్క. ఆ స్క్రూను షాఫ్టు మీద చదునుగా ఉన్న వైపు కూర్చోబెట్టి అలెన్ కీతో బిగిస్తే చాలట. ఆలోచించండి. అప్పు చేసి మిషన్ కట్టినవాడు స్కెచ్ పెన్ను ముందు తలవంచాలా? రేపు పెళ్ళిలో పక్కన కూర్చుని బావ అడిగితే ఏం చెప్పుకోవాలి? "మోటర్లన్నీ పీకేసి పెద్దవి వేశాను బావా" అనడంలో ఉన్న దర్జా "స్క్రూ బిగించాను బావా" అనడంలో ఎక్కడుంది?

పవర్ ఆపేసి లీడ్ స్క్రూను చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలని ఇంకొక సలహా. ఒకచోట తేలిగ్గా తిరిగి ఇంకొకచోట బిగుసుకుంటే రెండు పట్టాలూ సమాంతరంగా లేనట్టు. ఇది సాంకేతికంగా నిజమే కావచ్చు, కుటుంబపరంగా మాత్రం ప్రమాదకరం. ఆ ఫ్రేముకు వెల్డింగ్ చేసింది మామ. వెల్డింగ్ వేడికి ఛానెల్ వంకర పోయిందని మామతో ఎవరు చెప్తారు? మోటరుకు చుట్టాలు లేరు. నింద దాని మీద వేస్తే ఎవరూ అలగరు.

ఇక వేడి. మే నెలలో 43 డిగ్రీలు దాటే కడపలో, రేకుల షెడ్డు కింద, మోటరు మీద చెయ్యి పెడితే కాలుతుంది. స్టెప్పర్ మోటరు ఒంటి వేడి 70, 80 డిగ్రీలకు వెళ్ళినా చాలా మోటర్లకు అది మామూలే అని తయారుచేసినవాళ్ళే కాగితం మీద రాస్తారు. కాగితాన్ని నమ్ముతామా, చేతిని నమ్ముతామా? చేతినే నమ్మాలి. వెంటనే మోటరుకు కరెంటు అందించే డ్రైవర్ పెట్టె మీదున్న చిన్న స్విచ్‌లు అటూ ఇటూ నొక్కి, 2.8 ఆంపియర్ల మోటరుకు 1.5 ఆంపియర్లు మాత్రమే అందేలా చెయ్యాలి. మోటరు చల్లబడుతుంది, మనసు చల్లబడుతుంది, మోటరు బలం సగానికి పడిపోతుంది. ఇప్పుడు అది స్టెప్పులు ఇంకా బాగా తప్పుతుంది కాబట్టి మన అనుమానం రుజువైనట్టే.

తర్వాత పెద్ద మోటరు తెప్పించాలి. పవర్ సప్లై మాత్రం పాతదే, 24 వోల్టులది, ఉండాలి. ఇక్కడే శాస్త్రం మన పక్షాన నిలుస్తుంది. పెద్ద మోటరు కాయిల్‌కు ఇండక్టెన్స్, అంటే కరెంటును వెంటనే ఎక్కనివ్వని గుణం, చాలాసార్లు ఎక్కువగా ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కాయిల్‌లో కరెంటు పూర్తిగా ఎక్కేలోపే తర్వాతి అడుగు టైం వచ్చేస్తుంది. అందుకని మెల్లగా తిరిగేటప్పుడు వస్తాదులా ఉన్న మోటరు వేగంగా తిప్పితే చిన్నదానికంటే ముందే చేతులెత్తేస్తుంది. డ్రైవర్ తట్టుకునేదైతే 36కో 48కో వోల్టేజీ పెంచితే పాత మోటరే పరిగెత్తేదని అనేవాళ్ళుంటారు. వాళ్ళను షెడ్డులోకి రానివ్వకూడదు.

వేగం మాటెత్తారు కనుక ఒక మాట. ఫోన్‌లో ఎవరిదో మిషన్ నిమిషానికి 5000 మిల్లీమీటర్లు పరిగెత్తడం చూశాక మనది 1500 దగ్గర నడవడం తలవంపులు. కంట్రోలర్‌లో నడిచే జీఆర్‌బీఎల్ అనే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో డాలర్ 110 దగ్గర గరిష్ఠ వేగం, డాలర్ 120 దగ్గర యాక్సిలరేషన్ ఉంటాయి. రెండిట్లోనూ ఆ వీడియోలోని అంకెలే కొట్టాలి. వాళ్ళ గాంట్రీ అల్యూమినియం, మనది ఐరన్ ఛానెల్ అన్న తేడాను పట్టించుకోకూడదు. మనం ఏదీ పల్చగా కట్టం. మిషన్ కింద కడప బండ వేశాం, బల్ల ఇసుమంత కదలదు, అది మంచిదే. ఆ పైనున్న గాంట్రీ కూడా కదలనంటే మాత్రం అది మోటరు కొవ్వు. యాక్సిలరేషన్ సగానికి తగ్గిస్తే తీరేదానికి మోటరు మారుస్తావేం అని ఒక కుర్రాడు అడిగాడట. ప్రొద్దుటూరు పెళ్ళివాళ్ళు తలుపులకు తొందర పెడుతుంటే ఏదైనా తగ్గించే ముహూర్తమా ఇది?

ఇంకొక రకం తప్పు ఉంది, అది పిల్లిలా వస్తుంది. మిషన్ అరవదు, ఆగదు, కానీ బొమ్మ మొత్తం ఒకే వైపు కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుంది. దిక్కు మార్చమన్న సిగ్నల్ డ్రైవర్‌కు సరిగ్గా అందకముందే స్టెప్ పల్సు వచ్చేస్తే, లేదా పల్సు పోలారిటీ తిరగబడి ఉంటే ఇలా అవుతుంది. 5 మిల్లీమీటర్ల లీడ్ ఉన్న (చుట్టుకు అంత జరిపే) బాల్ స్క్రూ, ఒక్కో అడుగును 8 ముక్కలు చేసే మైక్రోస్టెప్పుల అమరిక ఉంటే మిల్లీమీటరుకు 320 స్టెప్పులు. దిక్కు మారినప్పుడల్లా ఒక్కటి పోయిందనుకున్నా 1280 మార్పులకు 4 మిల్లీమీటర్లు గల్లంతు. నెమలి పింఛంలో దిక్కు మార్పులకు కొదవా! సెట్టింగులో ఒక అంకె మారిస్తే ఇది పోతుంది. పైసా ఖర్చు కాదు. కాబట్టే ఈ మరమ్మతును ఎవరూ నమ్మరు.

చెక్కే బిట్టును తిప్పే స్పిండిల్ కేబుల్‌నూ లిమిట్ స్విచ్ వైర్లనూ ఒకే కట్టగా టై వేసి బిగించడం, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చడం, పవర్ ఉండగానే మోటరు వైరు పీకి చూడటం మన పాత ఆచారాలు. చివరిదాని వల్ల డ్రైవర్ కాలిపోతుంది. కాలిపోయిన డ్రైవర్‌ను చూపించి మోటరే దాన్ని తినేసిందని చెప్పుకోవచ్చు.

ఇంత చెప్పినా వినని కుర్రాళ్ళు ఇప్పుడు క్లోజ్డ్ లూప్ స్టెప్పర్లు అంటున్నారు. మోటరు వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. షాఫ్టు నిజంగా ఎంత తిరిగిందో అది చూసి చెప్తుంది. తక్కువ తిరిగితే డ్రైవర్ సరిదిద్దాలని చూస్తుంది, కుదరకపోతే ఎర్ర లైటు వెలిగించి ఆ మోటరును ఆపేస్తుంది. పని కాలేదని పనిచేసేదే ఒప్పుకోవడం మనకు కొత్త. అయినా భయపడనక్కర్లేదు. ఆ డ్రైవర్ నుంచి కంట్రోలర్‌కు అలారం వైరు ఒకటి కలపాలి, దాన్ని మనవాళ్ళు ఎలాగూ కలపరు. ఎక్స్ మోటరు లైటు వెలిగించుకుని నిలబడి ఉంటుంది, సంగతి తెలియని కంట్రోలర్ వై మోటరును నడిపిస్తూనే ఉంటుంది, స్పిండిల్ ఆ తలుపు మీద పై నుంచి కింద దాకా ఒకటే గాడి తీసుకుంటూ పోతుంది. అందుకని కొత్త మోటర్లకు ఆర్డర్ పెట్టేటప్పుడే అదే కొలతకు ఇంకో టేకు చెక్క కూడా కోయించి పెట్టుకోండి.